తాత కుర్చీ

ఆ ఉదయం అమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. యూనివర్సిటీలో ఎకనామిక్స్ శాఖకు వెళ్ళాలి, మాస్టర్స్ సీటు తనకు కావాలని ఆఫీసులో సంతకం పెట్టాలి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. డిగ్రీ అయిన దగ్గర్నుంచీ మాస్టర్సా, నేరుగా పీహెచ్‌డీయా అని బుర్ర బద్దలు కొట్టుకుని, చివరికి రాత్రే తేల్చుకుంది. నాన్న బస్సు డ్రైవరు. "రెండేళ్ళు చదివి ఉద్యోగంలో పడమ్మా. ఈ మోకాలితో ఇంక క్లచ్ తొక్కలేను" అన్నాడు. వాచిన ఆ మోకాలు చూశాక వాదించడానికేం మిగల్లేదు.

ఆఫీసుకు వెళ్ళాలంటే తాత ముందు నుంచి పోవాలి. తాతంటే ముసలాయన కాదు, పీహెచ్‌డీ విద్యార్థి. చేరినప్పుడు అతనికి ఒత్తుగా జుట్టుండేదట. చూసినవాళ్ళెవరూ ఇప్పుడక్కడ లేరు. అతను చేరిన ఏడాది నాటిన మొక్క నీడలో ఇప్పుడు ప్రొఫెసర్లందరూ కార్లు పెట్టుకుంటున్నారు. వరండా చివర కుర్చీలో కూర్చుని, తన ప్రొఫెసర్ దిద్దాల్సిన పేపర్లు తాను దిద్దుతున్నాడు.

"ఎటమ్మా?" అన్నాడు తలెత్తకుండా.

"మాస్టర్స్ సీటు ఖాయం చేసుకుందామని అన్నా."

"మంచి పని. నన్ను చూశాక పీహెచ్‌డీ మీద ఎవరికి మనసు పుడుతుందిలే."

అమ్మాయి మనసు చివుక్కుమంది. "అయ్యో, అదేం లేదన్నా. పీహెచ్‌డీ అంటే నాకూ ఇష్టమే. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను" అంది మర్యాదకి.

ఆ మర్యాదే కొంప ముంచింది. ఆ ప్రొఫెసర్‌గారికి ఒక పద్ధతుంది. తన పేపర్లు దిద్దడానికి, క్లాసులు చెప్పడానికి, ఇంటి కరెంటు బిల్లు కట్టి రావడానికి కొత్త శిష్యుడు దొరికేదాకా పాత శిష్యుడి థీసిస్ మీద సంతకం పెట్టడు. ఆ సంగతి శాఖలో గోడలకు కూడా తెలుసు, బయటి కాలేజీలో చదివొచ్చిన ఈ పిల్లకు తప్ప. తాత లేచిన ఊపుకి పేపర్లు వరండా అంతా ఎగిరాయి. రెండు చేతులా ప్రొఫెసర్‌ని లాక్కొచ్చాడు.

"మాస్టర్స్ వదులుకుని నా దగ్గర పరిశోధన చేస్తావట. ఈ కాలంలో ఇంత త్యాగం నేనెక్కడా చూడలేదు" అన్నాడాయన.

"సార్, నేను..."

"కృతజ్ఞతలు తర్వాత చెబుదువుగాని తల్లీ." ఆమె వద్దంటూ చేతులెత్తడం ఆయనకు గురుభక్తిలా కనబడింది. అటునుంచి అటే ఆఫీసు గుమ్మంలో నిలబడి, ఈ అమ్మాయి సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతివాళ్ళకి ఇచ్చెయ్యమన్నాడు. గుమాస్తా మేడమ్ తన సర్వీసు మొత్తంలో ఏ పనీ టీ తాగక ముందు చేసి ఎరగదు. ఆవేళ చేసింది. ఫోను పెట్టేసేలోపే తర్వాతి కుర్రాడు రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చి సంతకం పెట్టేశాడు.

"నేను వదులుకోలేదు మేడమ్. సార్ పొరబడ్డారు."

"అలాగే రాసివ్వు. కింద సార్ చేతే సంతకం పెట్టించుకురా."

అమ్మాయి బయటికొచ్చి నాన్నకు ఫోను చేసింది. "నాన్నా, పీహెచ్‌డీలో పడ్డాను. మళ్ళీ బయటపడేట్టు లేను."

అవతల బస్సు పక్కకి ఆపిన చప్పుడు వినబడింది. "ఎన్నేళ్ళు?"

"అయిదారేళ్ళు అంటారు."

"సరే. రెండో మోకాలుందిగా" అన్నాడు. ఆ వెంటనే "మా అమ్మాయి పెద్ద పరిశోధనలో చేరింది" అని కండక్టరుకి చెప్పడం వినబడింది. ఆ గొంతుకి బస్సులో నిద్రపోయేవాళ్ళు కూడా లేచుంటారు. ఇక వెనక్కి తిరిగే దారి లేదు. అమ్మాయి తాత కుర్చీలో కూర్చుని, నేలమీది పేపర్లు ఏరుకుని దిద్దడం మొదలెట్టింది.

మధ్యాహ్నం థీసిస్ మీద సంతకం పడింది. తాత దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని, ఫ్లాస్కూ దిండూ చంకలో పెట్టుకుని, గేటు దాకా నడిచి అక్కడ ఆగిపోయాడు. అతని థీసిస్ చదువుకున్నవాళ్ళ నిరుద్యోగం మీద. ఆ వయసులో, ఆ చదువుతో గేటు దాటినవాడికి ఉద్యోగం ఏపాటి దొరుకుతుందో లోకంలో అతనికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. దాటితే తన పట్టికలో తానే ఒక అంకె అవుతాడు.

తిరిగొచ్చాడు. "సార్, మూడో అధ్యాయంలో లెక్క తప్పింది. సంతకం కొట్టేయండి."

తన కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలో కొత్త శిష్యురాలికి తెలియదని పొద్దుట్నుంచీ సతమతమవుతున్న ప్రొఫెసర్‌కి ప్రాణం లేచొచ్చింది. "నాకూ అనుమానంగానే ఉందోయ్" అంటూ అడ్డంగా గీత కొట్టాడు.

"కాస్త లేస్తావా చెల్లెమ్మా" అన్నాడు తాత, ఆమె కళ్ళలోకి చూడకుండా.

అమ్మాయి లేచింది. "మరి నేను సార్?"

"నా దగ్గర ఒక్కరికే చోటు తల్లీ. వచ్చే ఏడు చూద్దాం."

ఆఫీసులో గుమాస్తా మేడమ్ సంచి సర్దుకుంటోంది. అంతా విని, జాలిపడి, పెన్ను మళ్ళీ తీసింది. "పోనీ, వెయిటింగ్ లిస్టులో పెట్టమంటావా?"

"పెట్టండి."

క్లాసులో ఎప్పుడూ వచ్చినట్టే, మార్కుల లెక్కన అందులోనూ ఆమెకు మొదటి స్థానమే వచ్చింది.