వీరభద్రయ్య ధార పరీక్ష

ఆ పొద్దు వీరభద్రయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ధర్మవరంలో బస్సెక్కాలి, హిందూపురంలో పరీక్ష చేయించుకోవాలి, మాపటికి తిరిగొచ్చి మళ్ళీ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టాలి. ముసలాయనకు ఏడాదిగా ఒంటికి పోవడమే పెద్ద పనైపోయింది. నేత మధ్యలో ఊరికూరికే లేవడం, లేచి వెళితే చుక్కచుక్కగా రావడం.

పక్కింటి నేతగాడు హనుమంతరాయుడు ముందే బెదరగొట్టి పెట్టాడు. "మిషన్లో పోయమంటారప్పా. ధార సన్నగా ఉండాదా, కత్తి పెడతారు. ఇంగ గుంతలో కూసునేది మర్సిపో!" మగ్గం లేని బతుకు వీరభద్రయ్యకు బతుకే కాదు. దారి పొడవునా అదే దిగులు.

"నీళ్ళు బాగా తాగి, బిగబట్టుకొని రండి" అన్న ఆసుపత్రి మాటను భార్య రామాంజినమ్మ దేవుడి మొక్కులా పట్టుకుంది. పెనుకొండ దాటేలోపే రెండు సీసాల నీళ్ళు తాపింది. మూడో సీసా చేతికిచ్చి పరీక్ష గదిలోకి తోసింది.

లోపల గరాటు బిగించిన మిషను, వీరభద్రయ్య. తలుపు బయట రామాంజినమ్మ.

"ఏమయ్యా, వస్తాండాదా?" అని వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా కేక పెట్టింది. ఎక్కడొస్తుంది పాపం! వచ్చేది కూడా సిగ్గుపడి లోపలే ఆగిపోయింది.

అప్పుడు ఆయన చూపు చేతిలోని సీసా మీద పడింది. నేత బుద్ధి ఊరుకుంటుందా? చీరలో మచ్చ పడితే దాన్ని లోపలికి మడిచి, జరీ కొంగు పైకి పెట్టి సావుకారుకు చూపడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. మూత తీసి గరాటులోకి ధారాళంగా ఒంపేశాడు.

డాక్టర్ జగదీష్ గ్రాఫు చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "పెద్దాయనా, వయసు పిల్లోళ్ళకు కూడా ఇంత ధార ఉండదే!"

వీరభద్రయ్య మీసం దువ్వాడు. రామాంజినమ్మ వరసలోని ముసలాళ్ళకు తన ఉలవచారు మహిమ చెప్పడం మొదలుపెట్టింది. అంతటితో ఆగినా బాగుండేది. లోపల ఎంత మిగిలిందో చూద్దామని డాక్టరు స్కానింగ్ చేశాడు. మూత్రాశయం నిండు బానలా ఉంది!

"అంత పోసినా ఇంత మిగిలిందా? ఇదేదో పెద్ద జబ్బే! ముందు గొట్టం వెయ్యాల."

రామాంజినమ్మ లబోదిబోమంటూ ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో ఉన్న అల్లుడికి ఫోను చేసింది. అల్లుడు షిఫ్టు వదిలేసి బయల్దేరాడు. ఉలవచారు గురించి విన్న ముసలాళ్ళు మెల్లగా దూరం జరిగారు. నర్సు గొట్టం తెచ్చింది.

గొట్టాన్ని చూడగానే వీరభద్రయ్యకు నిజమూ ఒంటికీ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "సారూ, నీ కాళ్ళు మొక్కుతా! అది నా ధార కాదు, సీసాతో నీళ్ళు పోసినా! కత్తి పెడతారని బయమేసింది. ఇంగొకసారి మిషన్ కాడికి పోనీ, ఆగేట్టు లేదు!"

"ఓరి దేవుడా! చీర మడిసినట్టు జబ్బును మడుస్తారా?" అని రామాంజినమ్మ నెత్తి కొట్టుకుంది.

ఈసారి నిజమే పోశాడు. సన్నగా, ఆగి ఆగి వచ్చింది గానీ వచ్చింది. మళ్ళీ స్కానింగ్ చేస్తే లోపల మిగిలింది కొంచెమే. డాక్టరు పడీపడీ నవ్వాడు. "ప్రోస్టేట్ గ్రంథి కొంచెం వాచింది, అంతే. మాత్రలు చాలు, మగ్గం ఏం మానొద్దు. కత్తి అని ఎవరు చెప్పినారు నీకు?"

"పక్కింటి హనుమంతరాయుడు సారూ."

"ఆయప్పను కూడా పిల్చుకొని రా. అంత బయపడతాండాడంటే ఆయప్పకూ ఉండాది."

నెల తిరిగేసరికి వీరభద్రయ్య తెల్లారి కూర్చుంటే సద్ది తినే వేళ దాకా గుంతలోంచి లేవకుండా నేస్తున్నాడు. హనుమంతరాయుణ్ణి తనే వెంటబెట్టుకొని హిందూపురం బస్సెక్కించాడు కూడా. అప్పటికే పరీక్ష గది తలుపు మీద ఒక కొత్త కాగితం వెలిసింది: "నీళ్ళ సీసాలు బయటే ఉంచవలెను."