సూదికి ఆయుధపూజ

ఇన్‌ఫ్లుయెంజా అనే సీజను జ్వరాన్ని తమ సభ్యుల ఇళ్ళ నుంచి శాశ్వతంగా బహిష్కరిస్తూ రాయపూర్ తెలుగు సుహృన్మండలి కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని జ్వరానికి ఎలా అందజెయ్యాలన్న విషయం మీద మాత్రం కొంత చర్చ జరిగింది. చివరికి టీకా శిబిరం పెట్టడమే మార్గమని కార్యదర్శి సూరిబాబు గారు ప్రతిపాదించగా, భోజనాలు కూడా ఉంటే బాగుంటుందని మిగతావారు బలపరిచారు.

రాయపూర్‌లో తెలుగువాళ్ళు తక్కువ. ఉన్నవాళ్ళలో చాలామంది తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. తక్కువమందే కాబట్టి సంఘాలు కూడా మూడింటితోనే సరిపెట్టుకున్నారు. వాటిలో ఒకటి ఎండాకాలంలో ఉచితంగా కళ్ళజోళ్ళు పంచి పేపర్లో ఫోటో వేయించుకుంది. ఆ ఫోటో చూసిన దగ్గర్నుంచి మన మండలి అధ్యక్షుడు పున్నయ్య గారికి ప్రజారోగ్యం మీద బెంగ పట్టుకుంది. ఆయన రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. కొడుక్కి పండరీ బజారులో బట్టల హోల్‌సేలు కొట్టుంది గనక మండలికి శాలువాల లోటు ఏనాడూ రాలేదు.

సూరిబాబు గారి బెంగ మాత్రం నిజమైనది. గూడ్స్ గార్డుగా పనిచేసినన్నాళ్ళూ ఆయన రాత్రీ పగలూ బండి మీదే ఉంటే, ఇంటినీ పిల్లల్నీ ఒంటిచేత్తో లాక్కొచ్చింది భార్య పార్వతమ్మ. ఆమె ఊపిరితిత్తులు బలహీనం. పోయిన చలికాలం మామూలు జ్వరంలా మొదలైంది కాస్తా ఛాతీలోకి దిగి ఆమెను ఐసీయూ దాకా తీసుకుపోయింది. అప్పుడు బయట బెంచీ మీద కూర్చుని సూరిబాబు గారు ఎవరూ చూడకుండా ఏడ్చారు. ఆయనకు భార్య అంటే ప్రాణం. మైకు అన్నా ప్రాణమే. ఒకటి ఇంట్లోనూ ఒకటి బయటా ఉండేవి కాబట్టి రెంటికీ ఎప్పుడూ పేచీ రాలేదు.

కాలనీ మలుపులో క్లినిక్ నడిపే డాక్టర్ హరీష్ మనవాడే. పుట్టిందీ పెరిగిందీ రాయపూర్‌లో గనక మాటల్లో సగం హిందీ. వానలు తగ్గుతుండగానే ఆయన ఫోన్ చేశాడు.

"అంకుల్, ఆంటీకి ఠండ్ మొదలవకముందే ఫ్లూ సూది పడిపోవాలి. ఈసారి లేట్ చేస్తే సీదా ఐసీయూయే. సరుకు తక్కువొచ్చింది, జల్దీ తీసుకురండి."

సూరిబాబు గారు వెంటనే తీసుకెళ్ళారు. పార్వతమ్మ జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. డాక్టరు దూదితో స్పిరిటు రాశాడు. సూది మూత తియ్యబోతుండగా కార్యదర్శి గారికి కర్తవ్యం గుర్తుకొచ్చింది.

"ఆగు బాబూ, ఆగు! నవమి రోజున మన కేంపులో పస్టు సూది ఈవిడికే అని పాంప్లెట్ కొట్టించీసినాం. సెక్రటరీ పెళ్ళామే దొడ్డిదారిన ఏయించీసుకుందంటే లోకులేటనుకుంటారు?"

"లోకులకేటండీ, ఊపిరాడంది నాకు గదా" అంది పార్వతమ్మ.

ఇది వ్యక్తిగత అభిప్రాయం గనక కార్యదర్శి గారు దీన్ని నమోదు చేసుకోలేదు. పార్వతమ్మ చెయ్యి దించుకుంది. స్పిరిటు వాసన మాత్రం ఇంటిదాకా వచ్చింది. అంతేకాక, డాక్టరు ఫ్రిజ్‌లో మందు నింపి ఉన్న ముప్ఫై సూదులనూ శిబిరానికే కేటాయించాలని సూరిబాబు గారు జాతి పేరు మీద అడిగి ఒప్పించారు. అప్పటికే ఊళ్ళో మిగతా మందుల షాపుల్లోనూ సరుకు అయిపోయింది.

శిబిరానికి మహర్నవమిని ఎంచుకోవడం వెనక లోతైన ఆలోచన ఉంది. ఆ రోజు అందరికీ సెలవు. ఏర్పాట్లు అఖండంగా జరిగాయి. మైదానంలో షామియానా వేశారు. వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ మీద కార్యవర్గం మొఖాలన్నీ వేశాక డాక్టరు మొఖానికి చోటు చాలలేదు. "ఉచిత ఫ్లూ టీకా" అన్న మాటలను ఉపాధ్యక్షుడి భుజం కింద సర్దారు. జ్వరానికి చదువు రాదు గనక దానివల్ల ఇబ్బందేమీ లేదన్నారు పున్నయ్య గారు.

పొద్దున్నే డాక్టరు సూదులను ఐసు నింపిన పెట్టెలో పెట్టి, కాంపౌండరు చేత పంపించాడు. తాను వచ్చేదాకా పెట్టె తెరవొద్దని సూరిబాబు గారికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. సూరిబాబు గారు సరేనన్నారు. కానీ ఆ రోజు ఆయుధపూజ అన్న సంగతి డాక్టరు మర్చిపోయాడు. రైల్వే షాపులో బతికినవాళ్ళు మర్చిపోతారా? ఆ రోజు పసుపు కుంకుమ పెట్టనిదే పానా ముట్టుకోరు. స్కూటరు చేత నిమ్మకాయ తొక్కిస్తారు, ఇంట్లో మిక్సీకి బొట్టు పెడతారు. అటువంటప్పుడు మనిషి వొంట్లోకి దిగే సూదికి?

"పూజ లేని ఇనుము కండలోకి ఎలగ దింపుతామయ్యా?" అన్నారు పున్నయ్య గారు. "పెట్టెలోనే ఉంచి చేసీగలమా పూజ? దేవుడికి కనపడొద్దా?"

అందరూ ఔరా అనుకున్నారు. సూరిబాబు గారికి డాక్టరు మాట ఒక్క క్షణం గుర్తొచ్చింది. దేవుడి పని ఎంతసేపు పడుతుందిలే అనుకుని స్వహస్తాలతో పెట్టె తెరిచి, ముప్ఫై సూదులూ తీసి, ఇత్తడి పళ్ళెంలో తామరపువ్వు ఆకారంలో పేర్చారు. ఒక్కొక్కదానికీ గంధం రాసి కుంకుమ పెట్టారు. పైన మందార పూలు వేశారు, పక్కన అగరొత్తులు గుచ్చారు. ఆశ్వయుజమే అయినా రాయపూర్ ఎండ అప్పటికింకా సెలవు మీద వెళ్ళలేదు. అది షామియానా పక్కనుంచి వచ్చి సరిగ్గా పళ్ళెం మీద కూర్చుంది. పెట్టెలోని ఐసును మాత్రం వృథా కానివ్వలేదు. ముఖ్య అతిథి కోసం తెచ్చిన మజ్జిగ సీసాలను అందులో జాగ్రత్త చేశారు.

ముఖ్య అతిథి నయా రాయపూర్ సచివాలయంలో ఒక అధికారి. అక్కడ రోడ్లు వెడల్పు, మనుషులు తక్కువ. దారిలో అడ్డుపడేవాళ్ళెవరూ లేకపోవడం వల్ల ఆయన కేవలం రెండు గంటలే ఆలస్యంగా వచ్చారు. ఆయన వచ్చేదాకా దీపం వెలిగించకూడదు, దీపం వెలగనిదే సూది కదలకూడదు. జనం విసుక్కోకుండా ఈలోగా పిల్లల చేత స్వాగత నృత్యం రెండుసార్లు చేయించారు.

డాక్టర్ హరీష్ వచ్చి వేదిక మీద కూర్చోగానే పళ్ళెం చూశాడు. కంగారుగా లేచి నిలబడ్డాడు. సన్మానం కోసమే లేచాడనుకుని పున్నయ్య గారు వెంటనే మెడలో దండ వేసి శాలువా కప్పారు. చప్పట్లు మోగాయి. డాక్టరు దండం పెట్టి కూర్చుని, మళ్ళీ ఏదో చెప్పబోతూ లేచాడు. ఈసారి ఉపాధ్యక్షుడు కప్పారు. మూడో శాలువా తర్వాత లేవడం ప్రమాదమని ఆయనకు అర్థమైంది. అదీగాక చేతులు కూడా బయటికి రావడం లేదు. ఇంత చదువుకున్నవాడు కూర్చునే అరవొచ్చుగదా అని మీరనవచ్చు. మెడలో దండ ఉన్నప్పుడు అరవడం మర్యాద కాదని ఆయన పెంపకం.

"సభకు నమస్కారం" అంటూ పున్నయ్య గారు ప్రారంభించారు. "ఎన్నో మహమ్మారులను చూసిన జాతి మనది. ఈ వేదిక మీద నుంచి నేను ఇన్‌ఫ్లుయెంజాకు ఒకటే చెబుతున్నా. ఇకమీదట తెలుగువాడి గడప తొక్కాలంటే ముందు మన మండలి అనుమతి తీసుకోవాలి!"

జ్వరం తరఫున ఎవరూ లేచి అభ్యంతరం చెప్పలేదు. ముఖ్య అతిథి హిందీలో మాట్లాడుతూ, టీకా అంటే భయపడేవాళ్ళే దేశానికి అసలు శత్రువులని హెచ్చరించి, చల్లటి మజ్జిగ తాగి, తనకు సూది అంటే పడదని పున్నయ్య గారి చెవిలో చెప్పి వెళ్ళిపోయారు. తర్వాత కార్యదర్శి నివేదిక. సూరిబాబు గారు మైకు అందుకుని, తన భార్య పడ్డ బాధ చెబుతూ నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. ఆ నివేదిక బాగా పొడుగైంది. కింద కూర్చున్న పార్వతమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని దగ్గుతూ విన్నది.

మధ్యాహ్నం దాటాక శాలువాలు విప్పుకుని డాక్టరు పళ్ళెం దగ్గరికొచ్చాడు. ఒక సూది పట్టుకుని చూశాడు. అది అన్నం గిన్నెలా వెచ్చగా ఉంది.

"అంకుల్, ఈ మాల్ అంతా ఖరాబైపోయింది. ఠండాగా ఉంటేనే ఇది దవా. నేను వెయ్యను. వేసినా బేకార్."

కార్యవర్గం అత్యవసరంగా వంటల డేరా వెనక సమావేశమైంది. జనం వరసలో నిలబడ్డారు, పేపరు వాళ్ళు వచ్చారు, పులిహోర సిద్ధంగా ఉంది. సూదులు తప్ప అన్నీ పనికొచ్చే స్థితిలో ఉన్నప్పుడు ఒక్కదాని కోసం కార్యక్రమం ఆపడం బాగుండదని అభిప్రాయపడ్డారు. మూత తియ్యకుండా సూదిని చేతికి ఆనించి ఫోటోలు తీయాలని, అసలు సూదులు సరుకు వచ్చాక క్లినిక్‌లో వేయాలని, ఈలోగా సంగతి బయటికి పొక్కకూడదని తీర్మానించారు. డాక్టరు తల పట్టుకున్నాడు. కానీ ఆయన క్లినిక్‌కు వచ్చేది ఈ జనమే.

"పస్టు మీ ఆవిడ్ని పిలు" అన్నారు పున్నయ్య గారు.

సూరిబాబు గారు వేదిక మీదికి వచ్చారు. మైకు చేతిలోనే ఉంది. అందులో ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆయన ఆ మైకులోనే, "మొదటి టీకా, శ్రీమతి పార్వతమ్మ గారు" అని ప్రకటించారు.

ఆమె వేదికెక్కి చెయ్యి చాపింది. చేతికి ఆనిన ప్లాస్టిక్ మూత చూసి మెల్లగా అడిగింది.

"బాబూ, ఇందులో మందుందా?"

"ఉందాంటీ. కానీ అది పనిచెయ్యదు."

పార్వతమ్మ వేదిక మీద వరసగా కూర్చున్నవారి వైపోసారి చూసి, "మన కమిటీలాగన్నమాట" అంది. సరిగ్గా అప్పుడే ఆమె పెదవుల మీద కాస్త నవ్వు కనబడటంతో ఫోటో అద్భుతంగా వచ్చింది. తెల్లారి పేపర్లో అదే వేశారు. మిగతా సభ్యులు కూడా క్రమశిక్షణతో వచ్చి మూతతో పొడిపించుకుని, పులిహోర తిని, ఫోటోలు గ్రూపులో పెట్టుకున్నారు. నొప్పి తెలియనందుకు డాక్టరు హస్తవాసిని మెచ్చుకున్నారు.

దీపావళి వెళ్ళాక డాక్టరు మళ్ళీ ఫోన్ చేశాడు. సరుకొచ్చింది, ఆంటీని ఈ రోజే తీసుకురమ్మన్నాడు. సూరిబాబు గారు చెప్పులేసుకున్నారు కూడా. ఇంతలో వాట్సాప్ గ్రూపులో పున్నయ్య గారి ప్రకటన వచ్చింది. శిబిరం విజయవంతమైన సందర్భంగా కార్యదర్శికి సత్కారం. మొదటి టీకా వేయించుకున్నట్టు పేపర్లో పడ్డ మనిషి మళ్ళీ క్లినిక్ గుమ్మంలో కనబడితే? ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే చెప్పాలి.

"సన్మానం అయిపోనీ పార్వతీ, ఆ మర్నాడే ఎలిపోదాం" అన్నారు చెప్పులు విప్పుతూ.

సన్మానం రెండుసార్లు వాయిదా పడింది. చలి మాత్రం వాయిదా పడలేదు.

సంక్రాంతి లోపలే కాలనీ అంతా మూలగడం మొదలుపెట్టింది. బహిష్కరించిన జ్వరం అనుమతి లేకుండానే ఇంటింటికీ తిరిగింది. గ్రూపులో శాస్త్రీయ చర్చ జోరుగా సాగింది. "ఈ సూదులన్నీ బోగస్ అండీ. నేను వేయించుకున్నాను గదా, అయినా వచ్చింది. కావాలంటే ఫోటో చూడండి" అని ఒకరు సాక్ష్యంతో సహా పెట్టారు. వచ్చే ఏడాది నుంచి టీకాలు మానెయ్యాలని చాలామంది నిశ్చయించుకున్నారు. పార్వతమ్మ ఆ చర్చలో పాల్గొనలేదు. ఆమె ఐసీయూలో ఉంది.

పోయినేడు కూర్చున్న బెంచీ మీదే సూరిబాబు గారు మళ్ళీ కూర్చున్నారు. ఈసారి ఏడుపు రాలేదు, భయమేసింది. సిగ్గేసింది. తన చేత్తోనే పెట్టె తెరిచారు, తన నోటితోనే ఆమెను వేదిక మీదికి పిలిచారు. ఇక ఆగలేక ఫోన్ తీసి గ్రూపులో రాశారు. 'సభ్యులకు మనవి. నవమి నాడు ఎవరికీ టీకా పడలేదు. మందు ఎండకు పాడైంది. అందరం ఫోటోకే చెయ్యి చాపాం. నా భార్య చావుబతుకుల్లో ఉంది. తప్పు నాది. దయచేసి అందరూ వెళ్ళి సూది వేయించుకోండి.'

పంపి, తిట్ల కోసం సిద్ధమై కూర్చున్నారు. నిమిషంలో రెండు దండాలు వచ్చాయి. తర్వాత దండాల వరద. ఒకరు గులాబీ పువ్వుతో శుభోదయం చెప్పారు. ఒకరు "అభినందనలు సార్, మీ సేవలు మరువలేనివి" అన్నారు. పున్నయ్య గారు మూడు బొటనవేళ్ళు పెట్టారు. మొదటి రెండు మాటలు దాటి చదివినవాడు ఒక్కడూ లేడు.

నాలుగైదు రోజులకు పార్వతమ్మను వార్డులోకి మార్చారు. ముక్కుకు గొట్టంతోనే ఫోను అడిగి తీసుకుని, పెదవులు కదుపుతూ ఆ మెసేజీని చివరిదాకా చదివింది.

"బాగానే రాసినారు" అంది అతి కష్టమ్మీద. "మైకు చేతిలో ఉన్నప్పుడు చెప్పాల్సిన మాటండీ ఇది."

సూరిబాబు గారు తల దించుకున్నారు. ఆ తల ఎత్తేలోపలే తలుపు తోసుకుని కార్యవర్గం వచ్చింది. పరామర్శకు. సగంమంది దగ్గుతున్నారు. పున్నయ్య గారు శాలువా తీసి మంచం మీద పరిచి, రెండో కొస పట్టుకోమని కార్యదర్శికి అందించారు. పార్వతమ్మ భర్త వైపే చూస్తోంది. ఆయన చెయ్యి దానంతటదే వెళ్ళి కొస పట్టుకుంది. "సార్, జర నవ్వండి" అన్నాడు ఫోటో తీసేవాడు.

'మండలి టీకా మహిమతో మృత్యువును జయించిన శ్రీమతి పార్వతమ్మ గారు' అన్న శీర్షికతో ఆ ఫోటో అన్ని గ్రూపులకూ చేరింది. మీ గ్రూపుకూ వచ్చే ఉంటుంది. మీరూ చదవకుండానే ఒక దండం పెట్టే ఉంటారు. మండలి గ్రూపులో సూరిబాబు గారి మెసేజీ దానికి కొంచెం పైనే ఉంది. వేలితో ఒక్కసారి జరిపితే కనబడుతుంది. ఇప్పటిదాకా ఎవరూ జరపలేదు.