ఏకపేటికా సంగ్రామము

అయ్యలారా, అమ్మలారా, చెవులొగ్గుడు! కృష్ణమ్మ నీరు కాలువలై, కాలువలు బోదెలై, బోదెలు పొలముల దాహము తీర్చి సముద్రుని చేరబోవు పుణ్యభూమియందు, తెనాలి ఉత్తరద్వారముగా, బాపట్ల పశ్చిమద్వారముగా, రేపల్లె తూర్పుద్వారముగా, కరెంటు స్తంభమునుండి వేపకొమ్మకు, వేపకొమ్మనుండి డాబా పిట్టగోడకు నల్లత్రాచులవలె వ్రేలాడు కేబుల్ తీగల సామ్రాజ్యమొకటి కలదు. దాని నేలువాడు మధుసూదన్. వాని సింహాసనము రేపల్లెలో ఎరువుల కొట్టు మీది గదిలోని ప్లాస్టిక్ కుర్చీ. ఆ గదిగోడకు అరలు అరలుగా పేర్చిన పేటికలు. ఒక్కొక్కటి ఒక్కొక్క చానలును ఆకాశమునుండి దింపి తీగలలోనికి తోలును. సీరియళ్ళకు పేటికలు, క్రికెట్టుకు పేటికలు, భక్తికి పేటికలు, వార్తల పేరిట కేకలు వేయువారికి మరిన్ని పేటికలు.

సర్కారువారు శాస్త్రీయ సంగీతమునకొక చానలును, ఉర్దూకొక చానలును నడుపుచుండిరి. "ఈ రెండూ చూసేవాళ్ళెవరండీ" అని మధుసూదన్ రెండింటికి కలిపి ఒక్క పేటికను దయచేసెను. ప్రొద్దున సంగీతము, మధ్యాహ్నము ఉర్దూ. విద్వాంసులును కవులును సత్రములో ఒకే మంచమున వంతులవారీగా నడుము వాల్చు బాటసారులైరి.

అట్టి కాలమున, ఒక ఆదివారము ఉదయమున, నగరమను పేరుగల ఊరిలో (పేరే నగరము, ఊరు ఊరే), మినుముచేల మహావీరుడు, పద్యనాటకములలో రాజవేషములు కట్టి తెనాలి వేదికల బల్లలు కదలగొట్టినవాడు, మీసమునకు కొబ్బరినూనె పట్టించుటలో తనకు తానే సాటియైనవాడు, నరసింహము, వసారాలో కుర్చీలు వేయించి టీవీ ముఖమును తన కండువాతో తుడిచెను. ఏలన, వాని అక్కగారు, బాపట్లలో ఎందరో ఆడపిల్లలకు వీణ నేర్పిన శేషారత్నము, ఒకప్పుడు సర్కారువారి కెమెరాల ముందు చేసిన కచేరీ, ఏ బీరువాలో ఎన్ని వానకాలములు నిదురించెనో గాని, నేడు పది గంటలకు ప్రసారమగునట. గంటసేపట.

ఆమె కీర్తికై వచ్చినది కాదు. వేళ్ళు పట్టివేసి వీణను గవిసెనలో కట్టిపెట్టి చాలకాలమైనది.

"టీవీలో పడాలని కాదురా తమ్ముడూ," అనెను కుర్చీలో ఒదిగి కూర్చుండి. "అప్పట్లో ఎట్లా వాయించేదాన్నో, చేతులెట్లా ఆడేయ్యో నేనెప్పుడూ చూసుకోలా. ఆ సర్కారోళ్ళ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఒక్కసారి నన్ను నేను చూసుకుంటే చాలు."

"ఒక్కసారేంటక్కా! నీ చెయ్యి నువ్వు చూసుకోవటం నా పూచీ," అని నరసింహము మీసము దువ్వి ప్రతిజ్ఞ చేసెను.

పది కొట్టెను. వీరుడు రిమోటు నొక్కెను. వీణ లేదు, తంబుర లేదు. తెరనిండా రొయ్య! నీలికాంతుల చెరువులో మీసములాడించుచు, "మా మేత వెయ్యండి, మీ చెరువు కళ చూడండి" అను సందేశమును నెత్తిన మోయుచు విహరించు మహారొయ్య!

"ఆదివారాలు ఆ పెట్టె మధుసూదన్ రొయ్యల మేత ప్రకటనకిచ్చేశాడంట నాన్నా," అనెను కూతురు తనూజ. "ఫోను కూడా ఎత్తట్లా."

లేచెను నరసింహము! పంచె ఎగగట్టెను. కిక్కుకొట్టిన వెంటనే కదలనిది, కదలిన పిమ్మట ఆగనిది యగు తన మోటారుసైకిలు నధిరోహించి, ఎదురువచ్చు గడ్డిట్రాక్టరును కనుసన్నలతో కాలువవైపు నెట్టి, రోడ్డుకడ్డముగా తీరికగా నెమరువేయు గేదెల వ్యూహమును హారనుతో భేదింపజూచి, భేదింపజాలక దిగి, "హేయ్, హేయ్" అని బ్రతిమాలి, మరల ఎక్కి, రేపల్లె ఎరువుల కొట్టు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, మూడవ అంగలో పంచె తట్టుకొని, మిగిలినవి ఒక్కొక్కటిగా ఎక్కెను.

గదిలోని ఒకే ఒక్క సింహాసనమున మధుసూదన్ లేడు. సర్కారు బడిలో ఉర్దూ చెప్పు ఖతీజా పంతులమ్మ సంచి ఒడిలో పెట్టుకొని స్థిరముగా ఆసీనురాలై యుండెను. మధుసూదన్ బనియనుతో మూల నిలిచియుండెను.

"రండి బాబాయ్, మీరూ పెట్టె కోసమేనా?" అనెను ఖతీజా. "ఉర్దూలో ఇప్పుడు ముషాయిరా వస్తంది. మా అన్నయ్య సైదావలి కవిత్వం చదువుతాడు. తెనాలిలో టైలరు లెండి. ఆ సభ కోసం షేర్వానీ తనే కుట్టుకున్నాడు. నేను ముందొచ్చా."

"ముందొస్తే? బస్సులో తువ్వాలేసినట్టా?"

"తువ్వాలెయ్యలేదు బాబాయ్. నేనే కూచున్నా."

మధుసూదన్ చేతులు జోడించెను. "నన్ను చంపకండి. సర్కారోళ్ళు రెండు చానళ్ళూ ఇయ్యమన్నారు, ఇస్తన్నా. ఆదివారం ఒక్కరోజు రొయ్యకిచ్చుకుంటే ఏం పోయింది? మేత ప్రకటన ఆగితే బోలెడు ఫోన్లొస్తయ్యి. వీణ ఆగితే ఎప్పుడన్నా ఒక్క ఫోనొచ్చిందా? పోనీ ముషాయిరాకొచ్చిందా? చెప్పండి!"

ఈ తర్కమును మనము తేలికగా తీసివేయరాదు. మహానగరములలో చల్లని గదులయందు టై కట్టినవారు పొడుగుబల్ల చుట్టూ కూర్చుండి చేయు తర్కమిదియే. వారు దానిని విధానమందురు. మధుసూదన్ బనియనుతో చెప్పెను, అంతియే భేదము.

నరసింహము కుడిచేయి పైకెత్తెను. ఎరువుల కొట్టులో తూకము వేయువాడు తలయెత్తి చూచెను.

"ఓరీ తంత్రీసామ్రాజ్య మదాంధా! నాదబ్రహ్మమును నీటిపురుగు మీసములకు ముడివేసిన మూఢా! నా సోదరి కరకమలము ఈ దివిసీమాంత ధరాతలమెల్ల దర్శనమిచ్చువరకు ఈ నరసింహుడు ఈ గడప దాటడు! గంగ ముట్టడు!"

"నీళ్ళు తాగండి బాబాయ్, గొంతెండిపోద్ది," అని ఖతీజా సీసా అందించెను.

వీరుడు తాగెను. మూతి తుడుచుకొని, స్వరము తగ్గించి, సంధికి దిగెను. "చూడమ్మాయ్, సంగీతానికి భాషేముంది? వీణ పెట్టిస్తే నువ్వూ వినొచ్చు."

"కవిత్వానికి వాయిద్యమేముంది బాబాయ్? ముషాయిరా పెట్టిస్తే మీరూ వినొచ్చు."

"నాకు ఉర్దూ రాదు గదా!"

"నాకు వీణ వచ్చా?"

సంధి విఫలమాయెను. మధుసూదన్ చేతిలోని రిమోటుపై రెండు సైన్యములు ఒక్కమారు పడెను. ఒక కొన నరసింహము పట్టెను, ఒక కొన ఖతీజా పట్టెను, నడుమ మధుసూదన్ క్షీరసాగరమునందు పర్వతమువలె గిరగిర తిరిగి, వీపుతో పేటికల అరను ఢీకొట్టెను.

ఇచట శ్రోతలకొక రహస్యము విన్నవింపవలెను. ఆ పేటికలన్నియు ఒకే కంపెనీవి, ఒక తల్లి బిడ్డలు. ఒక రిమోటు నొక్కిన అన్నియు "చిత్తము" అనును. అందువలన మధుసూదన్ బిస్కెట్ల అట్టపెట్టెలు కోసి పేటికల కన్నులకు గంతలు కట్టి, పనిపడినదాని గంత మాత్రమే ఎత్తి నొక్కుచుండును. ఆ వీపుదెబ్బకు గంతలన్నియు రాలెను. అదే క్షణమున నరసింహుని బొటనవ్రేలు సంగీతపు అంకెను నొక్కెను.

అంతట ఏమి చెప్పుదును! తెనాలిలో సీరియలు అత్తగారు కోడలిని కొట్టుటకెత్తిన చేయి ఎత్తినట్లే యుండగా వీణ మ్రోగెను. బాపట్ల టీ కొట్టులో బౌలరు బంతితో పరుగెత్తుచు పరుగెత్తుచు సభామందిరములోనికి పోయెను. రేపల్లెలో చర్చకులు నోళ్ళు తెరచి మాయమైరి. రొయ్య అంతర్ధానమాయెను. భక్తి, క్రికెట్టు, వంట, వార్త, సర్వచానళ్ళయందు ఒకే కచేరీ!

మధుసూదన్ ఫోను మ్రోగెను. ఆగి మ్రోగెను. ఆగక మ్రోగెను.

"ఏంటయ్యా మధూ, ఏది తిప్పినా పూలకుండీ వస్తంది?"

నిజమే. సర్కారువారి కెమెరా వీణను తప్ప సమస్తమును ప్రేమించినది. పూలకుండీని చూపెను. శాలువా కప్పుకొని కునికిపాట్లు పడు ముఖ్య అతిథిని చూపెను. మృదంగ విద్వాంసుని ఉంగరములను చూపెను. మరల కుండీని చూపెను. అరల పక్కనున్న చిన్న టీవీలో చూచుచు నరసింహము పండ్లు కొరికెను.

"చెయ్యి చూపించరా నాయనా, చెయ్యి!"

మంగళము పాడువేళకు కెమెరాకు దయ కలిగెను. ఒక మోచేయి! చుక్కల పట్టుచీర అంచుకు పైన, ఎడమవైపున, వీణ మెట్లవెంట వేళ్ళు పరుగిడుచుండగా లయతో లేచి వాలు మోచేయి. కనురెప్ప వాలి లేచునంతలో మరల అతిథి.

నరసింహము రిమోటును ఖతీజా చేతిలో పెట్టెను. "నాది అయిపోయిందమ్మాయ్. నొక్కు."

"గంతలు! గంతలు కట్టనియ్యండి!" అని మధుసూదన్ వంగి అట్టముక్కలు ఏరుచుండగానే ఆమె నొక్కెను. డెల్టా సమస్తము ఉర్దూమయమాయెను. నల్లని షేర్వానీలో సైదావలి మైకు సవరించుకొని, ఆదాబు చేసి, ఒక పాదము చదివెను. సభ "వాహ్!" అనెను. రెండవ పాదమునకు నోరు తెరచెను. సర్కారువారు ముషాయిరాను అచటనే త్రుంచగా, ఎచటనో ఒక కల్వర్టు ప్రారంభోత్సవము ప్రత్యక్షప్రసారమాయెను. రిబ్బను, కత్తెర, చప్పట్లు.

"పోనీలెండి," అనెను ఖతీజా, కన్నులు తుడుచుకొనుచు నవ్వుచు. "కాలరు భలే కుదిరింది అన్నయ్యకి."

నరసింహము మధుసూదన్ వైపు తిరిగెను. "వీణకి ఒక్క ఫోనూ రాదన్నావుగా?"

"వచ్చినయ్యండి," అనెను వాడు చెమట తుడుచుకొని. "ఆపమని."

అంతలో వీరుని ఫోనే మ్రోగెను. నగరమునుండి అక్కగారు.

"కనపడిందా అక్కా?"

"కనపడిందిరా!" శేషారత్నమునకు నవ్వాగుట లేదు. "మోచెయ్యి ఎంత పైకెత్తి వాయిస్తన్నానో చూశావా? మోచెయ్యి దించవే, దించవే అని బాపట్లలో ఎంతమంది పిల్లల్ని పుల్లతో కొట్టానురా! అన్ని చానళ్ళలో వచ్చిందంటగా, వాళ్ళందరూ చూశారు. అప్పట్నుంచి తనూజ ఫోను ఖాళీ లేదు. 'మోచెయ్యి దించండి టీచరుగారూ' అంటన్నారు ఒక్కొక్కతీ!"

దిక్కులారా, వినుడు! రొయ్య మరల తెరకెక్కెను. ఒంటిపేటిక వంతులు వంతులుగానే యుండెను. కల్వర్టు నిర్విఘ్నముగా తెరువబడెను. ఐనను తెనాలినుండి రేపల్లెదాక, రేపల్లెనుండి బాపట్లదాక, సర్వచానళ్ళయందు, ఏకకాలమున, పోటీలేకుండ, దించని ఒక ఎడమ మోచేయి ఏకచ్ఛత్రముగా రాజ్యమేలెను. ఒక రెప్పపాటు. జయము! జయము!