వెనక లైటు వెలిగేదాకా

ఆ ఆదివారం ఇల్లాలి పథకం చాలా చిన్నది. పదకొండుకు బండి అమ్మేయాలి, ఆ తర్వాత ముందుగది కిటికీ తెరవాలి. నిజానికి రెండూ ఒకటే పని. పెళ్లయిన కొత్తలో భర్త కొన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి ప్రహరీకీ కిటికీకీ మధ్య ఇరుక్కుని నిలబడి, ఆ గదికి వెలుతురు రానివ్వడం మానేసి ఏళ్లయింది. పట్టపగలు దీపం వేసుకుని సూదిలో దారం ఎక్కించుకోవడం ఆమెకు అలవాటైంది గాని, ఇష్టం మాత్రం కాలేదు.

ఇదివరకు కొంటామని వచ్చినవాళ్లను భర్త ఏదో ఒక వంక పెట్టి పంపేశాడు. ఈసారి వస్తున్నది తేనెటీగలు పెంచే ఆయన. పెట్టెలను కొండదారుల్లో తిప్పడానికి బండి కావాలట. రాత్రి ఆమె పట్టిన పట్టు విడవకపోయేసరికి భర్త దిగివచ్చి ఒక్క షరతు పెట్టాడు.

"వెనక లైట్లు వెలిగితే అమ్మేద్దాం. వెలగని బండి అంటగట్టడం మర్యాద కాదు."

"నేను దగ్గరుండి వెలిగిస్తాను. మీ మర్యాద సంగతి మీరు చూసుకోండి," అంది ఆమె.

పొద్దున్నే పని మొదలైంది. తుప్పు పట్టిన స్క్రూలు విప్పి కుడివైపు ఎర్ర అద్దం ఊడదీస్తే, లోపల గుక్కెడు వాననీళ్లూ, అవి తాగబోయి పోయిన చీమలూ కనిపించాయి. చుట్టూ ఉండవలసిన రబ్బరు పట్టీ అప్పడంలా విరిగింది. బల్బు నల్లగా మసిబారింది గాని, తీగ కదిపితే వెలుగుతుందేమోనని ఆమె ఆశ. ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు నొక్కాలి, ఆయన వెనక నిలబడి వెలిగిందో లేదో చెప్పాలి. వెనక తలుపుకు తగిలించిన స్టెప్నీ అడ్డం కాబట్టి, అక్కడ నిలబడ్డది ఎవరో ఆమెకు కనబడదు. ఎవరుంటారు, మొగుడు తప్ప!

కాసేపటికి భర్త కొత్త బల్బు కోసం స్పేర్ పార్ట్స్ కొట్టుకు వెళ్లాడు. వెళ్తున్నానని చెప్పాడు కూడా. కాకపోతే ఇంట్లో చెప్పే మాటలను పెదవి దాటించే అలవాటు ఆయనకు లేదు. సరిగ్గా అప్పుడే తేనెటీగలాయన, చెప్పిన వేళకంటే ముందే వచ్చి, బండి వెనక నిలబడ్డాడు.

"వెలిగిందా?" సీట్లోంచి కేకేసింది ఆమె.

ఆయన లైటు కేసి చూశాడు. "ఊహూఁ."

ఆమెకు అనుమానం రాలేదు. ఇరవై ఏళ్లుగా మొగుడి భాషలో ఉన్న మాటలే రెండు: ఊఁ, ఊహూఁ.

"ఆ తీగ వేలితో గట్టిగా అదిమి పట్టుకోండి. నేను చెప్పేదాకా కదలొద్దు!"

ఆయన అలాగే పట్టుకున్నాడు. తేనెటీగల మధ్య బతికే మనిషి. కదలొద్దంటే కదలడు, కంగారుపడి మాట్లాడడు.

"ఇంకా వెలగలేదూ? పోనీ అద్దం పెట్టేసి టేపు చుట్టెయ్యండి. ఆ తేనెటీగలాయన ఉన్నంతసేపు మినుక్కుమంటే చాలు. ఇంటికెళ్లాక ఆరిపోతే ఆయన ఖర్మ. రెండో గేరు బతిమాలితే గాని పడదని చెప్పకండి. వానొస్తే పక్కసీట్లో గొడుగు వేసుకోవాలనీ చెప్పకండి. అసలు మీరు నోరే తెరవకండి."

"ఊఁ," అన్నాడు ఆయన.

ఇంతలో భర్త కొత్త బల్బు పట్టుకుని తిరిగొచ్చాడు. దాన్ని బిగించడానికి ఎలక్ట్రీషియన్ను పంపిస్తానని కొట్టు యజమాని చెప్పాడు. బండి వెనక తీగ పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి, ఫరవాలేదే, నాకంటే ముందే వచ్చేశాడనుకున్నాడు. దగ్గరకు వెళ్లి చెవిలో గుసగుసలాడాడు.

"నీకు పుణ్యముంటుందయ్యా, దీన్ని వెలగనివ్వకు. ఎవడో కొనడానికి వస్తున్నాడు. వాడు వచ్చి వెళ్లేదాకా ఇలాగే ఉండాలి. మా ఆవిడ సవాలక్ష వంకలు పెడుతుంది గాని, ఇంజను బంగారం. ఆయిలు మార్చడం ఒక్కసారి కూడా తప్పించలేదు నేను. ఎంత కొండైనా మారుమాట్లాడకుండా ఎక్కుతుంది. అలాంటిదాన్ని తీసుకెళ్లి ఎవడి చేతుల్లోనో ఎలా పెట్టను, చెప్పు?" చివరికొచ్చేసరికి ఆయన చెయ్యి బండిని నిమురుతోంది.

"ఏమిటండీ ఆ గొణుగుడు? వెలిగిందా, లేదా?"

"ఊహూఁ," అన్నారు ఇద్దరూ.

ఒక్క మొగుడికి రెండు ఊహూఁలు ఎక్కువ. ఆమె దిగి వెనక్కి వచ్చింది.

"ఎవరండీ ఈయన?"

"ఎలక్ట్రీషియను. కొట్టాయన పంపాడు."

"కాదండీ," అన్నాడు ఆయన వినయంగా. "తేనెటీగలవాణ్ణి. బండి చూద్దామని వచ్చాను. అమ్మా, ఈ తీగ ఇంక వదిలెయ్యమంటారా?"

ఆమె తాను అన్న మాటలన్నీ మొదటినుంచీ గుర్తుచేసుకుంటూ వచ్చి 'ఖర్మ' దగ్గర ఆగిపోయింది. ఇక ఈ జన్మకు ఆ కిటికీ తెరుచుకోదు. భర్త తల దించుకున్నాడు గాని, లోలోపల ప్రాణం లేచొచ్చింది. ఇంత జరిగాక ఎవడు కొంటాడు?

"ఏమీ అనుకోకండి..." అంది ఆమె నేల చూపులు చూస్తూ.

"అనుకోవడానికేముందమ్మా. ఇప్పటికి చాలా బండ్లు చూశాను. అందరూ మా బండి నిన్న పుట్టిందన్నట్టే చెప్పారు. దీని రోగాలన్నీ అమ్మాలనుకుంటున్న మీరే చెప్పారు. గుణాలేమో అమ్మకూడదనుకుంటున్న సార్ చెప్పారు. ఇంతకంటే ఇంకేం కావాలి? మీరన్న ధరకే తీసుకెళ్తాను."

"లైటు వెలగలేదు కదండీ!" భర్త అడ్డుపడ్డాడు. "వెలగని బండి అంటగట్టడం..."

"మీ చేతిలో ఉన్నది కొత్త బల్బేగా, సార్?"

తేనెటీగలాయన దాన్ని అందుకుని బిగించాడు. ఆమె ఒక్క పరుగున సీట్లోకి వెళ్లి బ్రేకు మీద కాలు వేసింది.

"వెలిగిందా?"

భర్త వెలిగిన లైటు పక్కనున్న దుమ్మును చేత్తో తుడిచాడు. తేనెటీగలాయన మర్యాదగా పక్కకు తిరిగి ప్రహరీ చూస్తూ నిలబడ్డాడు.

"ఊఁ," అన్నాడు భర్త.

మధ్యాహ్నానికి ముందుగదిలోకి ఎండ వచ్చింది. భోజనాల దగ్గర ఆలుమగలు ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకోలేదు. చెప్పుకోవలసినవన్నీ పొద్దున్నే తేనెటీగలాయనకు చెప్పేశారు.