స్ప్రింగు లేని స్టేప్లర్

మానవజాతి తలపెట్టిన పనులన్నిటిలోకీ కష్టమైనది, తీసుకున్న వస్తువును తిరిగి ఇవ్వడమేనని ఆ కార్యాలయం పదహారు పేజీల సర్క్యులర్‌లో నిర్ధారించింది. తెచ్చి బల్లమీద పెడితే అది మరచిపోవడం. చేతికి అందిస్తే అది చూపించడం. పుచ్చుకున్నవాడు రిజిస్టరులో సంతకం పెడితేనే తిరిగి ఇవ్వడం (ఆ సంతకం పెట్టే పెన్ను గురించి వేరే సర్క్యులర్ ఉంది).

టైపిస్టుగారు ఆ సాయంత్రం ఐదులోపు రిలీవింగ్ ఉత్తర్వు పుచ్చుకోవాలి. మర్నాడు పొద్దున్నే కొత్త ఉద్యోగంలో చేరకపోతే అది జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఆరేళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన ఉద్యోగం. అందుకు స్టోరుకు ఆవిడ తిరిగి ఇవ్వాల్సింది ఒక్క స్టేప్లరే.

స్టోరు గుమాస్తా దాన్ని నొక్కి చూశాడు. పిన్ను చక్కగా పడింది. అతని మొహం వాడిపోయింది.

"ఇది పనిచేస్తోంది కదండీ."

"అవునండీ, మా తమ్ముడు స్ప్రింగు వేయించి పెట్టాడు. ఆఫీసంతా దీన్నే అడిగి తీసుకెళ్తారు."

"అదే వచ్చిన చిక్కు. 'స్ప్రింగు లేదు, పనిచేయదు' అని రాసి మీకు ఇచ్చాం. కింద మీ సంతకమే. తీసుకున్న స్థితిలోనే ఇవ్వాలి కదా."

"అయితే స్ప్రింగు పీకేస్తాను."

"మీరు పీకితే ఆస్తి నష్టం కిందికి వస్తుందండీ."

స్థితి పునరుద్ధరణాధికారి (ఆ పదవి ఇలాంటి అవసరాల కోసమే పుట్టింది) నాలుగున్నరకు టీ తాగి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, పంటి డాక్టరంత శ్రద్ధగా స్ప్రింగు లాగేశాడు. ఇద్దరు సాక్షులు ఒకరి తర్వాత ఒకరు నొక్కి, పనిచేయడం లేదని ధ్రువీకరించారు. గుమాస్తా తేలిగ్గా ఊపిరి పీల్చుకుని "స్థితి: సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టాడు. టైపిస్టుగారికి ప్రాణం లేచివచ్చింది.

ఐదుకు పది నిమిషాలుందనగా మేనేజరు ఉత్తర్వు మీద సంతకం చేశాడు. మూడు కాగితాలు. విడివిడిగా ఉంటే చెల్లవు గనక కలిపి పిన్ను కొట్టాలి. సొరుగులోని స్టేప్లర్ నొక్కాడు, పడలేదు. పక్కగదిలోంచి తెప్పించినదీ పడలేదు (రిజిస్టరు ప్రకారం రెండూ సంతృప్తికరమే).

టైపిస్టుగారు గడియారం వంక చూసి, చేతిసంచీలోంచి సూదీ దారం తీసి మూడు కాగితాలనూ కుట్టేశారు.

మేనేజరు ఆ కుట్టు చూసి నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఏమనుకోకండమ్మా. ఇవాళ మధ్యాహ్నందాకా ఈ ఆఫీసులో బ్రహ్మాండంగా పనిచేసే స్టేప్లర్ ఒకటి ఉండేది. ఎవరో తిరిగి ఇచ్చేసినట్టున్నారు."