బస్సు రాకపోవడం వల్ల కలిగే మేళ్లు

బస్సు రాకపోవడమంత మేలు మనిషికి ఇంకొకటి లేదని మనవి చేస్తున్నాను. నవ్వకండి. అనుభవం మీద చెబుతున్న మాట ఇది.

మొన్న వరుసగా మూడు రోజులు సెలవులొస్తే నేనూ మా ఆవిడ స్వరూపా ఒక యాత్ర పెట్టుకున్నాం. కరీంనగర్‌లో బయల్దేరి వేములవాడ, అక్కడి నుంచి మెట్‌పల్లి, తర్వాత నిర్మల్, కుంటాల జలపాతం, చివరికి ఆదిలాబాద్. మూడు రోజులు, ఎనిమిది బస్సులు! నాలుగు పేజీల ప్లాన్ నేనే రాశాను. ఏ బస్సు ఎన్నింటికి, ఎక్కడ చాయ్, ఎక్కడ ఫొటో, అన్నీ అందులో ఉన్నాయి.

"కారు కిరాయికి మాట్లాడితే అయిపోతది గదా," అంది స్వరూప.

కారులో పోయేవాడికి ఏం తెలుస్తుంది? ఏసీ తెలుస్తుంది. అందుకే ప్లాన్ మొదటి పేజీలోనే కారు నిషిద్ధమని ఎర్రసిరాతో రాసిపెట్టాను.

వేములవాడలో దర్శనమయ్యాక మేము ఎక్కాల్సిన బస్సు గంటన్నర ఆలస్యం. ఆ గంటన్నరలో నాకెంత విజ్ఞానం! పక్కనున్న పెద్దాయన మోకాళ్ల ఆపరేషన్, ఆయన అల్లుడి దుబాయి వీసా, గుడిలో కోడెను కట్టే మొక్కుకు తాను క్యూలో ఎంతసేపు నిలబడ్డాడో, అన్నీ తెలిశాయి. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయేంత ఆలస్యమైతేనే మనిషి మనిషితో మాట్లాడతాడు. విమానంలో పోయేవాడికి ఈ భాగ్యం ఉందా?

ఆ రాత్రి మెట్‌పల్లిలో చుట్టాలింట్లో పడుకుని, రెండో రోజు పొద్దున్నే బయల్దేరాం. నిర్మల్‌కు పోవాలంటే మధ్యలో ఒక ఊళ్లో బస్సు మారాలి. ఆ ఊరి పేరు రాయను, అక్కడివాళ్లు మంచివాళ్లు. తొమ్మిదిన్నరకు బస్టాండులో కూర్చున్నాం. నిర్మల్ బస్సు పదింటికి. పది అయింది, పదింబావు అయింది. బస్సు లేదు. నాకు లోలోపల సంతోషమే.

ఎదురు బెంచీ దగ్గర ఒక తల్లీకూతుళ్లు ఉన్నారు. తల్లి రామవ్వ బీడీలు చేస్తుంది. కూతురు మమతారాణికి ముప్పై దాటాయి, ప్రైవేటు దవాఖానాలో నర్సు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో హాల్‌టికెట్టు. నిర్మల్‌లో సర్కారు నర్సు ఉద్యోగానికి పరీక్ష.

"రెండు గంటలకు పరీక్ష సార్. ఒకటిన్నరకే గేటు బంద్ చేస్తరట," అంది రామవ్వ. "ఈ యేడు దాటితే దీనికి వయసు అయిపోతది. ఇదే ఆఖరు."

"ఇంక చానా టైమున్నది. ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాను.

మమతారాణి ఎంక్వైరీ కిటికీ దగ్గరికి పోయి అడిగింది. "వస్తది," అన్నాడు లోపలి మనిషి. పదిన్నరకు మళ్లీ పోయింది. "వస్తదన్న గదమ్మా," అన్నాడు.

స్వరూప నా వైపు వంగి మెల్లగా అంది. "కారు మాట్లాడుదాం. వాళ్లను గూడ ఎక్కిచ్చుకుందాం. ఆ పిల్ల మొకం ఎట్లున్నదో చూడు."

నేను ప్లాన్ తీసి మొదటి పేజీ చూపించాను. అంతటితో ఆగానా? ఆ తల్లీకూతుళ్ల వైపు తిరిగి, ఎదురుచూడటంలో ఉన్న గొప్పతనం గురించి గంటసేపు చెప్పాను. ఓపిక పెరుగుతుందన్నాను. బీపీ తగ్గుతుందన్నాను. మేము కుంటాల జలపాతం దాకా ఇట్లాగే పోతున్నామన్నాను. రామవ్వ అన్నిటికీ "అవును సార్" అంది. మమతారాణి మాత్రం రోడ్డు వైపు చూస్తూ నిలబడే ఉంది.

పావు తక్కువ పన్నెండుకు కిటికీలోంచి కబురొచ్చింది. "ఇయ్యాల పదిగంటలది లేదు. బండి ఖరాబైందట. ఇగ రెండింటికే."

అప్పుడు లేచాను. కారు కోసం రోడ్డు మీద పడ్డాను. దొరికేసరికి పన్నెండుంబావు. నలుగురం ఎక్కి నిర్మల్ దారి పట్టాం. మమతారాణి టైము చూడటం మానేసింది. ఆమె బదులు స్వరూప చూస్తూ కూర్చుంది.

పరీక్ష జరిగే కాలేజీకి చేరేసరికి ఒకటీ ముప్పై ఎనిమిది. గేటు మూసి ఉంది. లోపలున్న కానిస్టేబుల్ మంచివాడే, రెండు చేతులూ జోడించాడు.

"ముందే ప్లాన్ చేసుకోవాలె గదమ్మా," అన్నాడు.

మమతారాణి కవరులోంచి ఒక కాగితం తీసి ఊచల సందులోంచి అందించింది. ఊళ్లో అయిదున్నరకు ఒక బస్సు. ఏడుంబావుకు రెండోది. పదికి మూడోది. మారే ప్రతిచోటా గంట ముందే ఉండేలా రాసుకుంది.

"చేసుకున్న సార్," అంది. "మూడు బస్సులు. రెండు వచ్చినయి."

కానిస్టేబుల్ ఆ కాగితం చాలాసేపు చూసి మడిచి తిరిగిచ్చాడు. మమతారాణి ఏడవలేదు. గేటు పక్కన అరుగు మీద కూర్చుని, చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంది. బస్టాండులో అంతసేపూ నిలబడే ఉంది కదా.

రామవ్వ నా దగ్గరికి వచ్చింది. "మాతోని మీ సెలవు ఖరాబైంది సార్. మీరన్న జలపాతం చూసుకొని పోండ్రి."

నేను ప్లాన్ నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాను. స్వరూపే కారు తలుపు తీసి, "ఎక్కుండ్రి అవ్వ. మీ ఇంటికాడ దింపే పోతం," అంది. నన్ను అడగలేదు.

కుంటాల మేము చూడలేదు. జలపాతం ఎక్కడికీ పోదు, ఉద్యోగాలకే వయసు హద్దు.

కాబట్టి పాఠకులారా, బస్సు రాకపోవడం మేలే అన్న మాట మీద నేను ఇప్పటికీ నిలబడుతున్నాను. ఒక్క షరతు చేరుస్తున్నానంతే. ఎదురుచూసే మనిషికి ఎక్కడికీ చేరవలసిన పని ఉండకూడదు. బస్సుల వేళలు నిర్ణయించే పెద్దలను అడిగి చూడండి, ఆ మేలు గురించి నాకంటే బాగా చెబుతారు. వాళ్లు కార్లలో వస్తారు.