డిస్కుకి పెట్టిన బొట్టు

ఒక దేశం ఎంత ముందుకు వెళ్ళిందో తెలుసుకోవాలంటే అక్కడ ఒక్కో వస్తువుకి ఎన్ని నకళ్ళున్నాయో చూడాలి. ఆ లెక్కన 2004లో సీతాఫల్‌మండిలోని మా మూడు గదుల వాటా అమెరికాకి ఏమాత్రం తీసిపోయేది కాదు.

కారణం మా ఆయన రమణబాబు. హైటెక్ సిటీలో కూర్చుని ఒక అమెరికా బ్యాంకు సమాచారాన్ని కాపాడటం ఆయన ఉద్యోగం. అక్కడ భూకంపం వచ్చినా, వరద వచ్చినా ఆ బ్యాంకుకి ఏమీ కాకూడదు. (మా వంటింటి కుళాయి కారడం విపత్తుల జాబితాలో లేదు.)

ఇంట్లో కాపాడవలసింది ఒక్కటే ఉండేది. మా అత్తగారు అమ్మన్నమ్మ గారి అక్క రాజ్యం, పోయే ముందు అనకాపల్లిలో ఒక క్యాసెట్ నిండా ఇరవై ఏడు పెళ్ళిపాటలు పాడి పెట్టింది. ఆవిడ గొంతు మరెక్కడా లేదు. టేపు సాగిపోతుందని అత్తగారు రోజుకి ఒక్క పాటే వినేవారు, పప్పు ఏరుకుంటూ.

క్యాసెట్లను మా ఆయన నమ్మరు. దసరా ముందు ఆ పాటలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, మూడు సీడీలు చేశారు. గృహ సమాచార భద్రతా విధానం (ఏడు పేజీలు, స్పైరల్ బైండింగు) నాలుగో నిబంధన ప్రకారం రెండు నకళ్ళు ఇంట్లో, ఒకటి బయట ఉండాలి. బయట అంటే పై వాటా మేబెల్ గారిల్లు.

ఒక్కో సీడీ అర నిమిషంలో తయారైంది.

"ఇరవై ఏడు పాటలు ఇంత తొందరగా ఎక్కాయా?" అన్నాను.

"యాభై రెండు ఎక్స్ స్పీడు, దేవీ. నీకు తెలీదులే."

(నేను బీయస్సీ మ్యాథ్స్. ఆ విధానంలో గృహిణికి కేటాయించిన బాధ్యత మాత్రం దుమ్ము దులపడం.)

నకళ్ళు వచ్చాక అసలుతో పనేముంది? ఆ క్యాసెట్‌తో సహా పాతవన్నీ వీధిలోకి వచ్చిన ప్లాస్టిక్ సామాన్లవాడికిచ్చి ఒక నీలం బకెట్ తీసుకున్నారు. పండగ ఆఫర్లో పాత కంప్యూటర్ ఇచ్చి కొత్తది తెచ్చారు. సీడీలను పరీక్షించడం ఏడాదికొకసారని ఆరో నిబంధన. ఏడాది ఇంకా కాలేదు.

ఆయుధపూజ నాడు అత్తగారు కత్తిపీట, సుత్తి, కుట్టుమిషను వరసగా పెట్టి, పక్కన రెండు సీడీలూ పెట్టారు. కొడుకు పనిముట్లు కదా. తడి గంధం, పసుపు, మధ్యలో కుంకుమ. మెరిసే వైపే పెట్టారు. దేవుడికి ఎవరైనా వీపు చూపిస్తారా?

మర్నాడు కంప్యూటర్ రెండిటినీ చదవలేదు. మా ఆయన గిన్నెలు తోమే పీచుతో శుభ్రం చేశారు. (ఈ చర్య నివేదికలో నమోదు కాలేదు.) మూడోదాని కోసం పైకి వెళ్ళాను. మేబెల్ గారు దాన్ని తాడు కట్టి బాల్కనీ గ్రిల్లుకి వేలాడదీశారు. గాలికి కొట్టుకుని నిండా గీతలు.

"వెరీ గుడ్ సీడీ, దేవీ! ఒక్క పావురం రావట్లేదు," అన్నారావిడ.

ఆ సాయంత్రమే సంఘటనా నివేదిక తయారైంది. కారణం: మానవ తప్పిదం. బాధ్యులు: అమ్మ. కింద సంతకానికి చోటు.

"నానేటి సేసేన్రా? సల్లగా ఉంటాయనే కదా బొట్టెట్టేను!" అన్నారు అత్తగారు.

"ఇది తప్పు పట్టడం కాదమ్మా. ప్రాసెస్."

మామగారు పేపరు దించకుండానే, "సంతకం ఎట్టీ. లేపోతే ఇంకో కాయితం తెస్తాడు," అన్నారు.

ఆవిడ సంతకం పెట్టారు. ఆ రోజు నుంచి కుంకుమ భరిణె ముట్టలేదు.

బోయిగూడలో పర్వతాలు అనే ఆయన చెడిపోయిన డిస్కులు బాగుచేస్తాడని తెలిసి, మూడు సీడీలూ పట్టుకుని అత్తగారితో సహా వెళ్ళాం. అక్కడా ఒక ఫారం. సమాచారం ఎంత ముఖ్యం: ముఖ్యం, చాలా ముఖ్యం, ఏడుస్తున్నారు. మా ఆయన రెండోదానికి టిక్కు పెట్టారు. పర్వతాలు మా అత్తగారి మొహం చూసి మూడోదానికి మార్చాడు.

మూడు వారాలకి పిలిచాడు.

"పాలిష్ కొట్టినం సార్. మూడు సీడీలు సుత తెరుచుకున్నయ్. గని అండ్ల పాటల్లేవ్."

"చెరిగిపోయాయా?"

"ఉంటే గద చెరిగేది! మీరు పాటలు ఎక్కియ్యలే సార్, షార్ట్‌కట్లు ఎక్కిచ్చిన్రు. పాటలు పాత కంప్యూటర్లనే ఉండె. ఇండ్ల ఉన్నది ఆడికి తొవ్వ జూపే బోర్డులు. ఊరు అమ్ముకొని బోర్డు దెచ్చుకున్నట్టు."

అత్తగారు ముందుకి వంగారు. "అయితే నా బొట్టు వల్ల కాదా, బాబూ?"

"గాదమ్మా. బొట్టుతోని ఏం ఖరాబ్ కాలే. ఉత్తగనే పరేషాన్ అయిన్రు."

అక్కణ్ణుంచి ఆటోలో నేరుగా కొత్త కంప్యూటర్ కొన్న దుకాణానికి వెళ్ళాం. పాత కంప్యూటర్ ఎక్కడుందని ఆ దుకాణంలో అడిగితే, మార్పిడిలో వచ్చినవన్నీ పండగ మర్నాడే తుక్కుకి వెళ్ళాయన్నారు.

మా ఆయన కొత్త విధానం రాశారు. పంతొమ్మిది పేజీలు, ఐదు నకళ్ళు. కాపాడటానికి ఇంట్లో ఇంకేమీ లేదు కాబట్టి ఐదు సీడీల్లోనూ ఆ విధానాన్నే భద్రపరిచారు. పాత నివేదికలో "బాధ్యులు" అన్నచోట పేరు మార్చమని నేను అడిగాను. ఒకసారి మూసిన నివేదికను తెరవరాదని తొమ్మిదో నిబంధన చూపించారు.

మళ్ళీ దసరా వచ్చింది. ఏడాది తర్వాత అత్తగారు భరిణె తీశారు. కత్తిపీటకి పెట్టారు, సుత్తికి పెట్టారు, కుట్టుమిషనుకి పెట్టారు. స్నానాలగదిలోంచి నీలం బకెట్ తెప్పించి, తుడిచి, దానికి అందరికన్నా పెద్ద బొట్టు పెట్టారు. ఐదు సీడీలను దాటి వెళ్ళిపోయారు.

"అమ్మా, సీడీలు మర్చిపోయావు," అన్నారు మా ఆయన.

"పన్జేసేవాటికేరా, నాయనా," అన్నారావిడ.

మా ఆయన వరస చివర పెట్టుకున్న తన ఆఫీసు కార్డు తీసి జేబులో వేసుకున్నారు.